ముప్పై ఒకటి, మధ్యాహ్నం మూడూ నలభై

పోయినవారం కథలో ఆడిటరు గారిని గుర్రాల లాయంలో గడ్డి మీద కూర్చోబెట్టి వచ్చేశాం. ముప్పై నాలుగేళ్ళపాటు నడిపిన ఆడిటింగు సంస్థని కూతురి చేతుల్లో పెట్టి, ఆయన కుర్చీ దిగిన ఆరో రోజు అది. ఆ మధ్యాహ్నం ఆయన కళ్ళెదుటే చిన్న సున్నా అనే ఆడగుర్రం ఈనింది. పదిహేడు రోజులు ముందే వచ్చేసినా మగపిల్ల గట్టిదే. మూడుసార్లు తూలిపడి, నాలుగోసారి నిలదొక్కుకుని తల్లి పొదుగు వెతుక్కుంది. అరవయ్యెనిమిదేళ్ళ ఆడిటరు గారు చంటిపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. ఆయన గుర్రాల ఫారం చూసుకునే బావమరిది మాత్రం కొట్టలేదు. చేతి గడియారం చూసుకుని, గోడకి వీపు ఆనించి, అలాగే కిందికి జారి కూర్చుండిపోయాడు. గడియారంలో మూడూ నలభై. గోడ మీద క్యాలెండరులో డిసెంబరు ముప్పై ఒకటి.

గుర్రప్పందేల సంగతి తెలియనివాళ్ళకి ఇందులో అంత కూలబడాల్సింది ఏముందో అర్థం కాదు కాబట్టి, ఒక్క ముక్క చెప్పుకుని ముందుకెళ్దాం. పందెపు గుర్రాలకి విడివిడిగా పుట్టినరోజులు ఉండవు. అన్నిటికీ కలిపి ఒకటే, జనవరి ఒకటి. ఏ నెలలో పుట్టినా సరే, జనవరి ఒకటి వచ్చిందంటే ఒక ఏడాది నిండినట్టే లెక్క. అందుకే గుర్రాలు పెంచేవాళ్ళు జనవరి దాటాక పిల్ల పుట్టేలా చూసుకుంటారు. డిసెంబరు చివరి రోజు మధ్యాహ్నం పుట్టిన పిల్లకి మర్నాటికే ఏడాది వయసు వచ్చేస్తుంది. తనకన్నా పన్నెండు నెలలు పెద్దవైన గుర్రాలతో అది పరుగెత్తాలి. ఉయ్యాల్లో పిల్లాణ్ణి తీసుకెళ్ళి రెండో తరగతిలో కూర్చోబెట్టినట్టు. అలాంటి పిల్లని ఎవరూ కొనరు, ఎవరూ శిక్షణకి తీసుకోరు.

ఇదంతా ఆడిటరు గారికీ తెలుసు. తెలిసి కూడా ఆ మధ్యాహ్నం తేదీ గుర్తుకు రాలేదంటే, మనిషి ఎంత మైమరిచిపోయాడో చూడండి. ఆఫీసులో కుర్రాళ్ళు ఆయనకి చాటుగా పెట్టుకున్న పేరు 'తేదీ గారు'. ఏ కాగితం ముందు పెట్టినా ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట "తేదీ ఏది?" అనే. ఆయనకి కూతురు పుట్టినప్పుడు కూడా నర్సు వచ్చి చెప్పగానే తేదీ ఏదని అడిగారని ఒక కథ ప్రచారంలో ఉంది. అది నిజం కాదని ఆయన అంటారు. భార్య మాత్రం నవ్వి ఊరుకుంటుంది.

ఇక మర్నాడు ఉదయం. జనవరి ఒకటి.

ఫారంలో ఆఫీసు అంటే లాయానికి ఆనుకుని ఉన్న ఒక పొడుగాటి గది. ఒకవైపు జీనులు, కళ్ళేలు మేకులకి వేలాడుతుంటాయి. ఇంకోవైపు ఇనప బీరువా, బల్ల, మూడు కుర్చీలు. గదంతా తోలు వాసన, దాణా వాసన. కిటికీలోంచి చూస్తే తల్లీపిల్లా ఉన్న కొట్టం కనిపిస్తుంది. ఆడిటరు గారు వచ్చేసరికి బల్ల మీద ఒక రిజిస్ట్రేషను ఫారం నింపి పెట్టి ఉంది. పక్కన మూత తీసిన పెన్ను కూడా సిద్ధంగా ఉంది. తల్లి పేరు, తండ్రి పేరు, రంగు, నుదుటి మీద మచ్చ, వెనక ఎడమ కాలికి తెల్ల పట్టీ. అన్నీ బావమరిది గుండ్రటి రాతలో ముత్యాల్లా ఉన్నాయి. ఆయన వేలు అలవాటు ప్రకారం కిందికి జారి ఒక గడి దగ్గర ఆగింది.

"ఏరా, ఇదేంటి?"

"ఫారం బావా. పిల్లని రిజిస్టరు చేయించాలిగా." బావమరిది కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఫారమని తెలుసు. తేదీ ఏంటి?"

"ఒకటి."

"ఎన్నో తేదీన పుట్టింది?"

"మీరూ అక్కడే ఉన్నారు కదా."

"అందుకే అడుగుతున్నా."

బావమరిది మాట మార్చాడు. "డాక్టరమ్మ పొద్దున్నే వచ్చి చూసింది. పుట్టి ఇంకా ఒక రోజు కాలేదని రాసిచ్చింది. అది నిజమేగా? రక్తం తీసుకెళ్ళారు. రక్తంలో తల్లెవరో తండ్రెవరో తెలుస్తుంది బావా, ఎన్నింటికి పుట్టిందో తెలీదు. మీరు సంతకం పెడితే అయిపోయే పని."

ఆడిటరు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయనకి కోపం రాలేదు. వస్తే బాగుండేది. ఎదురుగా నిలబడ్డ మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఆయనకి ఇరవయ్యారేళ్ళుగా చేతకాలేదు. ఈ బావమరిది అంతకుముందు ఫొటో స్టూడియో పెట్టి మూసేశాడు, అచ్చాఫీసు పెట్టి మూసేశాడు, కోళ్ళు పెంచి జబ్బొచ్చి అన్నీ పోగొట్టుకున్నాడు. ఏ పనిలోనూ కాలు నిలవని మనిషి. "ఒక నెల రోజులు గుర్రాలు చూసుకోరా, ఈలోగా ఏదో ఒకటి ఆలోచిద్దాం" అని ఆడిటరు గారు ఫారానికి పంపించారు. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు. పెళ్ళి చేసుకోలేదు, ఊరు కదల్లేదు. ఏ గుర్రం ఎప్పుడు దగ్గినా నిద్రలోంచి లేచి వెళ్ళాడు. లాయం చివర ఒంటి గదిలోనే అరవయ్యో పడిలోకి వచ్చేశాడు.

ఆ ఒంటి గదికే ఇప్పుడు ముప్పొచ్చింది. మూడేళ్ళుగా ఫారంలో పేరు నిలబెట్టే పిల్ల ఒక్కటీ పుట్టలేదు. పక్క స్థలంలో ఇటుకల ఫ్యాక్టరీవాళ్ళు ఫారం తమకి ఇచ్చేయమని అడుగుతున్నారు. సంస్థ బాధ్యత మీద పడిన కూతురు, ఇంక దీన్ని మోయలేం నాన్నా అంది. ఆడిటరు గారు అందరికీ ఒకే మాట చెప్పారు. చిన్న సున్నా ఈననివ్వండి, ఆ పిల్లని చూసి తేల్చుకుందాం. ఆ పిల్ల ఎనిమిది గంటలు తొందరపడింది.

"ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు బావా!" బావమరిది ఇటు తిరిగాడు. నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అంతే తేడా. అదేమైనా గడియారం చూసుకుని పుట్టిందా? ముప్పై ఒకటో తారీకని దానికెవడు చెప్పాడు? తల్లి కడుపులో ఇంకో పూట పడుకుని ఉంటే రాజాలా బతికేది. అంతమాత్రానికి దాని బతుకు బుగ్గి చేస్తారా? నా సంగతి వదిలేయండి, నేనెక్కడో ఒకచోట పడుంటాను. దాన్ని చూసి చెప్పండి."

చూశారు ఆయన. కిటికీ అవతల పిల్ల తల్లి పొట్ట కింద నుంచి తల బయటికి పెట్టి, తోకని కుచ్చులా ఆడిస్తోంది. నిన్న దాని ఒళ్ళు తుడిచిన తువ్వాలు ఇంకా ఆయన గదిలో కుర్చీ మీదే ఉంది. దాన్ని పారేయడానికి మనసు రాలేదు.

"కూర్చో" అన్నారు.

"నిలబడే వింటాను."

"అద్దాల ఫ్యాక్టరీ ఆయన గుర్తున్నాడా నీకు? మా పెళ్ళిరోజుకి పెద్ద అద్దం పంపించేవాడు."

"వాళ్ళ ఫ్యాక్టరీ మూతపడింది కదా."

"ఎందుకు మూతపడిందో నీకు చెప్పలేదు. ఆ ఏడాది ఇంత సరుకు పంపించి తీరాలని బ్యాంకు ఒక గీత గీసింది. ఒక్క లారీ తక్కువైంది. ఆ లారీ గేటు దాటింది ఒకటో తారీకు పొద్దున. ముప్పై ఒకటిలో వేయమని నా చేతులు పట్టుకున్నాడు. ఆ పెద్దమనిషి నా కన్నా పదేళ్ళు పెద్ద. కొన్ని గంటలే కదయ్యా అన్నాడు, సరిగ్గా నువ్వన్నట్టే. నేను వేయలేదు. నూట నలభైమంది రోడ్డున పడ్డారు. అందులో కొలిమి దగ్గర పనిచేసినతను ఒకడు రెండేళ్ళపాటు మా ఆఫీసు ముందు బస్టాపులో కనిపించేవాడు. తిట్టేవాడు కాదు. నమస్కారం పెట్టేవాడు." ఆడిటరు గారు ఫారాన్ని పక్కకి జరిపారు. "వాళ్ళకి నేను ఇవ్వని పూట, నా గుర్రానికి ఎక్కణ్ణుంచి తెచ్చి ఇవ్వమంటావురా?"

బావమరిది తల దించుకున్నాడు. ఆడిటరు గారు కొత్త ఫారం అడగలేదు. తనే లేచి, బీరువాలోంచి ఒకటి తీసుకుని, మళ్ళీ మొదటి నుంచి నింపారు. మిగతావన్నీ గబగబా రాసి, తేదీ దగ్గరికి వచ్చేసరికి నిదానించి డిసెంబరు ముప్పై ఒకటి, మధ్యాహ్నం మూడూ నలభై అని రాశారు. సంతకం పెట్టారు. పెట్టాక చాలా బాధేసింది. కొన్ని వేల సంతకాలు పెట్టిన చెయ్యి అది, ఏ సంతకం తర్వాతా ఇలా బల్ల మీద బరువుగా పడి ఉండలేదు.

"పందేల్లో పరుగెత్తకపోతేనేం" అన్నారు, ఓదార్చడానికి మాటలు వెతుక్కుంటూ. "పరుగైతే పెడుతుందిగా."

"ఎక్కడ? ఇటుకల బట్టీల మధ్యనా?"

బావమరిది వచ్చి తను రాసిన ఫారం తీసుకుని నాలుగు మడతలు పెట్టాడు. గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడ ఆగాడు. వెళ్ళిపోయి ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేది. కానీ ఇరవయ్యారేళ్ళు కడుపులో పెట్టుకున్న మనిషికి కూడా ఒక హద్దు ఉంటుంది కదా.

"అయితే బావా" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. "నిఖార్సు కాగితం కూడా మార్చండి."

ఆడిటరు గారికి ముందు అర్థం కాలేదు.

నిఖార్సు అంటే ఆ ఫారంలో పుట్టిన గుర్రాల్లోకెల్లా మేటి. పదకొండేళ్ళ కిందట పుట్టింది. మూడేళ్ళ వయసు గుర్రాలకే ప్రత్యేకించిన పెద్ద కప్పుని అర గుర్రం నిడివి తేడాతో గెలిచింది. దాని కళ్ళెం పట్టుకుని, మెడలో కండువా జారిపోయినా పట్టించుకోకుండా నవ్వుతున్న ఆడిటరు గారి ఫొటో ఆడిటింగు ఆఫీసులో గుమ్మానికి ఎదురుగా ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రాళ్ళని ఆయన ఆ ఫొటో కిందే నిలబెట్టి మొదటి పాఠం చెప్పేవారు. ఎవడి ముఖమూ చూడకండి, ఎంత పెద్దవాడైనా తేదీ చూడండి అని. ఆయనంతట ఆయన ఈ సంస్థ పెట్టుకోవడానికి కారణం కూడా అదే. ఉద్యోగం చేసే రోజుల్లో పెద్ద ఆడిటరు ఒకాయన ఒక బిల్లుని ఒక్క రోజు వెనక్కి జరపమన్నాడు. ఈయన పెన్ను మూత పెట్టి లేచి వచ్చేశారు. దర్జీ దుకాణం పైన ఒక గది తీసుకుని, కింద కుట్టుమిషన్ల చప్పుడు వింటూ ఒక బల్లా రెండు కుర్చీలతో మొదలుపెట్టారు. గుర్రాల పిచ్చి కూడా ఆడిట్ లోంచే పట్టుకుంది. ఒక గుర్రాల ఫారంలో సరుకు లెక్క చూడటానికి వెళ్ళి, తలలు లెక్కపెడితే జాబితాకన్నా ఒక గుర్రం ఎక్కువ వచ్చింది. కాలు వంకరదని దాని విలువ సున్నా అని రాసి, జాబితాలోంచి తీసేశారట. ప్రాణంతో ఎదురుగా నిలబడి గడ్డి నములుతున్నదాన్ని సున్నా ఎలా అంటారని ఆయనకి ఒళ్ళు మండింది. ఆడిట్ పూర్తయి, ఆ ఫారంతో తన పని తెగాక, ఆ గుర్రాన్ని తనే తెచ్చుకున్నారు. సున్నా అనే పిలిచారు. నిఖార్సు దాని మనవడు.

"నిఖార్సు కాగితానికి ఏమైంది?" అన్నారు.

"అది కూడా ముప్పై ఒకటినే పుట్టింది. సాయంత్రం ఏడున్నరకి అటూ ఇటూ." బావమరిది ఇప్పుడు ఇటు తిరిగాడు. "మీరిక్కడ లేరు. ముప్పై ఒకటిన మీరెప్పుడున్నారు బావా ఇక్కడ? ప్రతి ఏడాదీ ఆ రోజు ఎవరిదో ఒకరి గోడౌనులో సిమెంటు బస్తాలు లెక్కపెడుతుంటారు, పంచదార బస్తాలు లెక్కపెడుతుంటారు. ఇన్నేళ్ళలో ఆ తారీకున మీరు ఈ లాయంలో అడుగు పెట్టడం నిన్ననే మొదలు."

నిజమే. ఆయన చూసే కంపెనీలు లెక్కలు మూసేది మార్చిలో కాదు, డిసెంబరులో; ఆ చివరి రోజున ఆడిటరు ఉండాల్సింది సరుకు ఉన్నచోట. ఆ ఒక్క రోజు పెళ్ళికి పిలిచినా వెళ్ళేవారు కాదు. ఊరందరి గోడౌనుల్లోకీ వెళ్ళి బస్తా బస్తా తట్టి చూసి, తన లాయంలో ఏముందో మర్నాడు కాగితం మీద చూసుకున్నారు. ఆయన వృత్తే ఆయన్ని ప్రతి ఏడాదీ ఆ రోజు ఇక్కణ్ణుంచి బయటికి పంపించింది.

"నేను సంతకం పెట్టాను" అన్నారు మెల్లగా.

"పెట్టారు."

"తేదీ చూశాను."

"చూశారు. జనవరి ఒకటి అని ఉంది. చూసి, బావుంది, మంచి రోజున పుట్టాడన్నారు."

ఆ మాట అన్నట్టు ఆయనకి గుర్తుంది. అదే ఎక్కువ బాధ పెట్టింది. బయటివాళ్ళ కాగితాన్ని ఏడుసార్లు తిప్పి చూసే మనిషి ఇంటివాళ్ళ కాగితాన్ని ఒక్కసారి చూసి నవ్వుతూ సంతకం చేశారు. కంచే చేను మేసిందని ఎన్ని కంపెనీల గురించి రాసి ఉంటారో లెక్కలేదు.

"నాలుగున్నర గంటల తేడా" అంటున్నాడు బావమరిది. "పరుగెత్తింది అది. గెలిచింది దాని కాళ్ళు. గడియారం గెలిపించలేదు."

"ఆ కప్పు మూడేళ్ళ గుర్రాలది." ఆడిటరు గారు వేళ్ళ మీద లెక్కపెట్టారు. "అసలు తేదీ ప్రకారం ఆ రోజుకి నిఖార్సుకి నాలుగేళ్ళు. అది ఆ పందెంలో నిలబడనే కూడదు. రెండోదిగా వచ్చిన గుర్రం గుర్తుందా? దాని శిక్షకుడు, చెయ్యి వణికే ముసలాయన. జనాన్ని తోసుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుని, ఇంత మంచి గుర్రం చేతిలో ఓడిపోయినందుకు నాకేం చింత లేదన్నాడు. ఇంకో రెండేళ్ళకి పోయాడాయన. ఒక్క పెద్ద కప్పు కూడా లేకుండా పోయాడు. ఆయన కప్పు నా ఆఫీసు అద్దాల బీరువాలో ఉందిరా."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కళ్ళు తుడుచుకోవడానికి సిగ్గుపడలేదు. బావమరిది అది చూడలేకపోయాడు. చెప్పినందుకు నాలుక కోసుకోవాలనిపించింది అతనికి. బావ అంటే అతనికి ప్రాణం. ముప్పై ఒకటి సాయంత్రాల్లో ఏం జరిగినా, ఆ ప్రేమలో మాత్రం ఎప్పుడూ అబద్ధం కలవలేదు.

"కాగితం ఇవ్వు" అన్నారు ఆడిటరు గారు.

"ఎందుకు?"

"పందేల సంఘానికి ఉత్తరం రాయాలి."

"బావా! నిఖార్సు పిల్లలు నలభై దాకా ఉన్నాయి, ఎవరెవరి దగ్గరో. పేపర్లవాళ్ళు ఊరుకుంటారా? తేదీ గారే తేదీ మార్చారని రాస్తారు. అమ్మాయి కుర్చీలో కూర్చుని వారం కాలేదు. దాన్ని చూసి నవ్వరూ?"

"నవ్వుతారు."

"అంతేనా?"

"అంతకన్నా ఎక్కువే అవుతుంది. కాగితం ఇవ్వు."

బావమరిది సొరుగు లాగి, తెల్ల కాగితాలు తీసి బల్ల మీద పెట్టి, మొదటిసారి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. "అయితే సరిగ్గా రాయండి" అన్నాడు. "మీకేమీ తెలియదని రాయండి. తేదీ మార్చింది నేనేనని రాయండి. ఏం, ఇంక ఏ గుర్రం దగ్గరికీ రానివ్వరు, అంతేగా. ఈ వయసులో కొత్తగా కోళ్ళు పెంచుతానులెండి."

ఆడిటరు గారికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చెయ్యి చాపి బావమరిది మోచేతి మీద వేశారు. కొట్టంలో చిన్న సున్నా కాలు నేలకేసి కొట్టింది.

ఆయన రాయడం మొదలుపెట్టారు. మా ఫారంలో పుట్టిన నిఖార్సు అనే గుర్రం విషయంలో నా దృష్టికి వచ్చిన ఒక తప్పుని తెలియజేస్తున్నాను. అసలు పుట్టిన తేదీ డిసెంబరు ముప్పై ఒకటి. ఆ తేదీని మార్చి రాసినది ఫారం నిర్వాహకుడైన నా బావమరిది. అక్కడిదాకా వచ్చాక పెన్ను ఆగింది. మనిషి ఎంత కుంగిపోయినా అలవాటు చావదు. ఒకరు నోటితో చెప్పిన మాట మీద ఆయన ఎన్నడూ ఏదీ రాయలేదు.

"పుట్టుకల రిజిస్టరు తీసుకురా. అప్పటిది."

"దేనికి బావా? నేనే చెబుతున్నాగా."

"నువ్వు చెబితే విన్నాను. ఇప్పుడు చూడాలి."

"అది ఎక్కడుందో ఏమో. ఎలకలు కొట్టేసి ఉంటాయి."

ఆడిటరు గారు తలెత్తి అతని ముఖంలోకి చూశారు. ముప్పై నాలుగేళ్ళలో ఎందరు గుమాస్తాలు తన ముందు నిలబడి ఎలకల మీద నెపం పెట్టారో ఆయనకి తెలుసు. లేచి స్వయంగా బీరువా దగ్గరికి వెళ్ళారు. కింది అరలో, పాత మందుసీసాల వెనక, గుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకం దొరికింది. ఒక్క ఎలక కూడా ముట్టలేదు.

పేజీ తిరగేశారు. నిఖార్సు. తల్లి, తండ్రి, రంగు. పుట్టిన తేదీ జనవరి 1. వేళ ఉదయం 7:20.

రోజు మార్చారు గానీ నిమిషాలు మార్చలేదు. సాయంత్రాన్ని ఉదయం చేశారు, ఏడూ ఇరవైని అలాగే ఉంచేశారు. దొంగలెక్క రాసేవాళ్ళలో కొత్తవాళ్ళు ఇలాగే చేస్తారు. పెద్ద అంకె మార్చి, చిల్లర ముట్టుకోవడానికి భయపడతారు. ఆ సంగతి గమనించి, ఇంకా కిందికి వంగి, ఆయన ఆ 7 దగ్గర ఆగిపోయారు.

సంస్థలో చేరిన కుర్రాళ్ళకి ఆయన కూడికల కన్నా ముందు నేర్పేది అంకెల ముఖాలు గుర్తుపట్టడం. మనిషి సంతకం మార్చగలడు, అక్షరాలు మార్చగలడు, అంకెలు మార్చలేడు. బావమరిది ఏడు కొడవలిలా ఒంపు తిరిగి ఉంటుంది. ఈ ఏడు నిటారుగా ఉంది. నడుముకి అడ్డంగా చిన్న గీత ఉంది. పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసినవాళ్ళు, ఏడుని ఒకటనుకుని ఎవరూ పొరబడకుండా అలా గీత పెడతారు. ఆ ఏడుని ఆయన నలభయ్యేళ్ళుగా రోజూ చూస్తున్నారు. పాలవాడి చీటీ మీద, ఫోను పక్కన కాగితం మీద, తన మాత్రల డబ్బాల మీద. పెళ్ళికి ముందు మూడేళ్ళు పోస్టాఫీసు కౌంటర్లో కూర్చున్న మనిషి ఈ కుటుంబంలో ఒక్కరే.

"ఇది నీ రాత కాదు" అన్నారు.

బావమరిది రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "నేనే రాశాను బావా. నేను చెబుతున్నాగా, నేనే."

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. ఆయన భార్య లోపలికి వచ్చింది. చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడుచుకుని ఉంది, జుట్టులో గడ్డిపరకలు ఉన్నాయి. ఆమె ముఖం నిన్నటి నుంచీ వెలిగిపోతోంది. "పిల్ల బాగా తాగుతోందండీ. ఇంక ఏమీ భయం లేదు. మీ ఇద్దరూ ఒకసారి వచ్చి చూడండి, నన్ను తోసేస్తున్నాడు వెధవ" అంటూ నవ్వబోయి, తమ్ముడి వాలకం చూసి ఆగిపోయింది. తర్వాత బల్ల మీద సగం రాసిన ఉత్తరాన్ని చూసింది. భర్త వేలి కింద తెరిచి ఉన్న పొడుగాటి పుస్తకాన్ని చూసింది.

ఆడిటరు గారు ఆమె వైపు తిరిగారు. జీవితంలో ఎంతోమందిని అడిగిన ప్రశ్నే, ఎప్పుడూ ఇంత కష్టంగా లేదు.

"ఇందులో తేదీ మార్చింది నువ్వేనా?"

"బావా, అక్కకేం తెలీదు" అంటూ బావమరిది లేవబోయాడు. ఆమె చెయ్యెత్తి వారించింది. భుజం మీది తువ్వాలుతో చేతులు నిదానంగా, వేలు వేలూ తుడుచుకుంది. కుర్చీ లాక్కుని భర్తకి ఎదురుగా కూర్చుంది. కళ్ళజోడు తెచ్చుకోలేదు. అంత దూరం నుంచి ఆమెకి ఆ పేజీలో ఒక్క అక్షరం కూడా కనిపించదని ఇద్దరికీ తెలుసు.

ఆమె పుస్తకం వైపు చూడలేదు. ఆయన ముఖంలోకే సూటిగా చూసింది. ఆ చూపులో జాలి ఉంది. ఎప్పుడో ఒకప్పుడు ఈ రోజు వస్తుందని సిద్ధపడి ఉన్నట్టు అడిగింది.

"ఏ గుర్రానిది?"